మగపిట్ట లేని పంజరంలో గుడ్డు

విజయవాడలో పెంపుడు పక్షులున్నవాళ్ళ ముందు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం ఇది. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని, వాటి జవాబులను కలిపాం.

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మీలో చాలామంది ఇంట్లో ఆమ్లెట్టో, ఉడకబెట్టిన గుడ్డో తినే బయల్దేరి ఉంటారు. ఆ గుడ్డు పెట్టిన కోడి జన్మలో పుంజు మొహం చూసి ఉండదు. గుడ్ల కోసమే కోళ్ళని పెంచే లేయర్ ఫారాల్లో ఉండేవన్నీ పెట్టలే. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది, ఆ గుడ్లలో దాదాపు అన్నీ పుంజుతో పని లేకుండా వస్తున్నవే. ఈ సంగతి మనందరికీ తెలుసు. అయినా హాల్లో ఒంటరిగా పెరుగుతున్న కాకటీల్, అదే తలమీద జుట్టుండే చిన్న చిలుక, ఒక రోజు ట్రేలో గుడ్డు పెడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది.

"డాక్టర్ గారూ, ఇది ఒక్కతే కదండీ, గుడ్డెలా పెట్టింది?" ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఇదే. కిటికీ దగ్గరికి మగపిట్ట ఏదైనా వచ్చి ఉంటుందా అంటారు. ఇంటికి మంచిదేనా అని పెద్దవాళ్ళు అడుగుతారు. "మేం దీన్ని రాజా అని పిలుస్తున్నామండీ, షాపులో మగదనే చెప్పారు" అంటారు కొందరు. చిన్న వయసులో కాకటీల్స్ ఆడా మగా ఒకేలా ఉంటాయి, మొదటిసారి ఈకలు రాల్చి కొత్తవి తొడిగాక కానీ తేడా తెలియదు. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీల్లో పెద్దయ్యాక ముక్కు పైభాగం మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగులోకి తిరుగుతుంది, కానీ తెల్లవాటిలో, పసుపువాటిలో ఆ గుర్తు సరిగ్గా పనిచేయదు. అసలైన ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్‌లో ఎక్కువ రకాలను కంటితో చూసి పోల్చుకోలేం, ఈకతో డీఎన్ఏ పరీక్ష చేయించాల్సిందే. కాబట్టి రాజా గుడ్డు పెడితే వింతేమీ లేదు. కీడూ లేదు, శకునమూ లేదు.

ఆడపక్షి ఒంట్లో గుడ్డు తయారవడానికి మగపక్షి అక్కర్లేదు. ఆ గుడ్డు పిల్ల కావడానికే కావాలి. చాలా పక్షుల్లో ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అక్కడ పచ్చసొన పెరిగి, విడివడి, అండనాళం అనే గొట్టంలోకి దిగుతుంది. దారిలో తెల్లసొన, దానిపైన పలచటి పొర, చివరికి పెంకు చేరతాయి. కోడిలో దీనంతటికీ ఒక రోజు, ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. కాకటీల్స్, బడ్జీలు మామూలుగా రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు పెడతాయి, ఒక విడతకి నాలుగు నుంచి ఆరు. బడ్జీ బరువు 35 గ్రాములనుకుంటే దాని గుడ్డు రెండు గ్రాముల దాకా ఉంటుంది. 60 కిలోల మనిషి మూడున్నర కిలోల బిడ్డని రోజు విడిచి రోజు కంటున్నట్టు లెక్క. ట్రేలో గుడ్డు చూసి ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టేముందు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోండి.

సరే, గుడ్డు ఎలా వచ్చిందో తెలిసింది. అంతకంటే ముఖ్యమైనది, ఇప్పుడే ఎందుకు వచ్చింది? ఇవాళ నేను చెప్పాలనుకున్నదంతా దీని గురించే.

కాకటీల్, బడ్జీ రెండూ ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాల పక్షులు. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఒక్కోసారి నెలల తరబడి చినుకుండదు. అందుకే ఈ పక్షులు గుంపులుగా నీళ్ళు, గింజలు ఉన్నచోటికి వలస తిరుగుతుంటాయి. వాన పడి గడ్డి పెరిగి గింజ పట్టిందంటే ఇక ఆలస్యం చేయవు, చెట్టు తొర్ర చూసుకుని గుడ్లకు దిగుతాయి. మళ్ళీ కరువొచ్చేలోగా పిల్లలు ఎగిరిపోవాలి కదా. అంటే ఇవి పంచాంగం చూసుకుని గుడ్డు పెట్టే పక్షులు కావు. తిండి బాగుందా, నీళ్ళున్నాయా, చీకటి మూల దొరికిందా, తోడుందా, ఇవి చూసుకుంటాయి. అన్నీ కుదిరాయంటే వాటి ఒళ్ళు దానంతటదే సిద్ధమవుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. గిన్నె నిండా కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు. అయిపోకముందే మళ్ళీ పోస్తాం. నీళ్ళు రోజుకి రెండుసార్లు మారుస్తాం. మే నెలలో బయట 44 డిగ్రీలున్నా పిట్ట ఏసీ గదిలో ఉంటుంది. రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైటు, టీవీ. ఆ పక్షికి మన హాల్లో ఏడాది పొడుగునా వాన కురిసి గింజ పట్టిన కాలమే. ఆగాల్సిన సమయం వచ్చిందని చెప్పేది ఏదీ ఆ గదిలో లేదు.

వెలుతురు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. లేయర్ ఫారాల్లో రోజుకి 16 గంటల వెలుతురు ఉండేలా బల్బులు వేస్తారు. గుడ్లు తగ్గకుండా ఉండాలని కావాలనే చేసే పని అది. విజయవాడలో పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబర్‌లో 11 గంటల పైచిలుకు. మన సూర్యుడివల్ల వచ్చే తేడా రెండు గంటలకు మించదు. కానీ పొద్దున ఆరింటికి తెల్లారి, రాత్రి పదకొండింటికి లైటు ఆర్పే హాల్లో పంజరం ఉంటే ఆ పిట్టకి 17 గంటల పగలు. ఫారంలో కోడికిచ్చే దానికంటే ఎక్కువ. మనకి తెలియకుండానే ఇంట్లో ఒక లేయర్ షెడ్డు నడుపుతున్నాం.

ఇక తోడు. పటమటలో ఒకరి ఇంటికి వెళ్ళాను. కాలేజీ చదివే అమ్మాయి, కాకటీల్‌ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోంది. నాతో మాట్లాడుతూనే భుజం మీదున్న పిట్టని మెడ నుంచి తోక దాకా నిమురుతోంది. చెయ్యి నడుము దగ్గరికి రాగానే ఆ పిట్ట రెక్కలు కొంచెం విడదీసి, ముందుకు వంగి, తోక పైకెత్తి, సన్నగా కీచుకీచుమంటోంది. "చూడండి, ఎంత ఇష్టమో నేనంటే" అంది ఆ అమ్మాయి. నిజంగానే ఇష్టం. కానీ ఆడపక్షి ఆ భంగిమ పెట్టేది జతగాడి ముందు. ఆ పిట్ట లెక్కలో ఆ అమ్మాయే దాని జత. అలమారలో చున్నీల అర కింద మూలన కాగితాలు చింపి పోగేసి పెట్టుకుంది కూడా. రోజూ మధ్యాహ్నం అందులోకి దూరి గంటలకొద్దీ కూర్చుంటుందట. ఇల్లు దొరికింది, తోడు దొరికింది, తిండి పుష్కలం. ఇంక గుడ్డు పెట్టక ఏం చేస్తుంది?

ఒంటరి పక్షికి తోడంటే మనిషే కానక్కర్లేదు. పంజరంలో వేలాడదీసిన అద్దం, ప్లాస్టిక్ పిట్టబొమ్మ, గంట కూడా చాలు. తిన్నది కక్కి అద్దానికో, మీ వేలికో పెట్టబోతోందంటే అది కూడా జతకి తినిపించే పద్ధతే.

సరే, గుడ్డు వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

చాలామంది చేసేది వెంటనే తీసి పారేయడం. దయచేసి ఆ పని చేయకండి. పల్లెల్లో నాటుకోళ్ళు పెంచిన పెద్దవాళ్ళని అడగండి, గంపలో ఒక్క గుడ్డు ఉంచి మిగతావి తీసుకుంటుంటే కోడి పెడుతూనే ఉంటుందని చెబుతారు. సరిపడా గుడ్లు కిందకి చేరాకే అది పెట్టడం ఆపి పొదగడానికి కూర్చుంటుంది. మీ కాకటీల్ కూడా అంతే. పెట్టినదల్లా మాయమైపోతుంటే లోటు పూడ్చడానికి ఇంకోటి పెడుతుంది, ఆ తర్వాత ఇంకోటి. ఆ పెంకులన్నిటికీ కాల్షియం తిండిలో చాలకపోతే దాని ఎముకల్లోంచే రావాలి. కాబట్టి గుడ్లు దాని దగ్గరే ఉంచండి. పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టండి. పగిలినదాన్ని మాత్రం తీసేసి, దాని చోట అదే సైజు ప్లాస్టిక్ గుడ్డు పెట్టండి. మూడు వారాలు అటూ ఇటూగా కూర్చుంటుంది. ఎంతకీ పిల్ల రాకపోతే దానికే విసుగొచ్చి లేచిపోతుంది. అప్పుడు తీసేయండి. మగపక్షి లేని ఇంట్లో ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు, ఆ అనుమానం పెట్టుకోకండి.

తిండిలో జనం ఎక్కువగా తడబడతారు. గుడ్డు పెట్టింది కదా, బలం కావాలని ఉడికిన గుడ్డు, నానబెట్టిన శనగలు, మొలకలు, గోరువెచ్చని మెత్తటి తిండి రోజూ పెడతారు. జతలతో పిల్లలు తీయించేవాళ్ళు గుడ్లకు రప్పించడానికి పెట్టే తిండి సరిగ్గా అదే. ప్రేమతోనే పెడతారు, కానీ రెండో విడతకి పిలిచినట్టవుతుంది. దానికి కావలసింది కొవ్వు కాదు, కాల్షియం. గింజల్లో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకే గింజలు తప్ప ఇంకేమీ ముట్టని పిట్ట గుడ్లకు దిగితే నాకు భయం. సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి గుల్ల, పంజరానికి కట్టండి, ఆయుర్వేద దుకాణాల్లోనూ దొరుకుతుంది. మునగాకు ఇవ్వండి. మన పెరట్లో ఊరికే దొరికే ఆకు, కాల్షియం ఉంది, విటమిన్ ఏ కూడా ఉంది. పాలకూర మీద ఆధారపడకండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం పట్టాలంటే విటమిన్ డీ3 కావాలి, డీ3కి ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, దానికి కావలసిన కిరణాలను గాజు ఆపేస్తుంది. బాల్కనీలో పంజరం సగం ఎండలో, సగం నీడలో ఉండేలా కాసేపు పెట్టండి. వేసవిలో తొమ్మిది కాకముందే లోపలికి తెచ్చేయండి. అక్కడే మనిషి ఉండాలి, కాకులూ పిల్లులూ ఊరుకోవు.

ఇప్పుడు ప్రాణం మీదకొచ్చే విషయం. రాసుకునేవాళ్ళు ఇది రాసుకోండి.

గుడ్డు లోపలే ఇరుక్కుపోవడం. కాల్షియం చాలకపోతే గుడ్డుని బయటకి నెట్టే కండరానికి బలం ఉండదు. పెంకు మెత్తగా ఉన్నా, గుడ్డు పెద్దదైనా, పిట్ట మరీ చిన్నదైనా, లావుగా ఉన్నా, పెట్టి పెట్టి అలిసిపోయినా ఇరుక్కోవచ్చు. పిట్ట ఈకలు పొంగించుకుని పంజరం కింద మూలన కూర్చుంటుంది. కర్ర ఎక్కదు. కాళ్ళు ఎడంగా పెట్టి ముక్కుతుంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతుంది. రెట్ట వేయదు, లేదా కొద్దికొద్దిగా వేస్తుంది. ఒక్కోసారి కాలు చచ్చుబడినట్టు ఈడుస్తుంది, లోపల గుడ్డు నరాన్ని నొక్కడం వల్ల. కాలు విరిగిందనుకుని కట్టు కట్టించడానికి తెస్తారు.

గుడ్డు పెట్టే ముందు పొట్ట ఉబ్బడం, రెట్ట పెద్దగా, వాసనగా రావడం, కాగితాలు చింపడం, చీకట్లో దూరడం మామూలే. వాటికి కంగారు పడక్కర్లేదు. కానీ నేను చెప్పిన గుర్తుల్లో రెండు మూడు కలిసి కనబడితే రేపు చూద్దాం అనుకోవద్దు. అంత చిన్న పక్షికి గంటలే టైము. డాక్టర్ దగ్గరికి చేరేలోపు దాన్ని వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచండి. చలికాలంలో, ఏసీ గదిలో పంజరానికి ఒక పక్క మాత్రమే బల్బు పెట్టి, 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే చాలు. మే నెలలో మన ఊళ్ళో బల్బు కూడా అక్కర్లేదు, ఏసీ ఆపితే సరిపోతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, వెంటనే తగ్గించండి.

ఆముదం, కొబ్బరినూనె వెనక రాయడం, పొట్ట నొక్కి గుడ్డు బయటికి తీయబోవడం, ఇవి మాత్రం చేతులెత్తి వేడుకుంటున్నాను, చేయకండి. గుడ్డు లోపల పగిలితే పెంకు ముక్కలు గొట్టాన్ని కోసేస్తాయి, సొన పొట్టలోకి చేరి ఇన్ఫెక్షన్ అవుతుంది. లేదంటే లోపలి భాగం బయటకి జారుతుంది. అలా నొక్కేసి తెచ్చిన పిట్టల్ని బతికించడం ఎంత కష్టమో నాకు తెలుసు. మేం చేసేది ఎక్స్‌రే తీసి గుడ్డు ఎక్కడుందో చూడటం, కాల్షియం ఇంజెక్షన్, సెలైన్, వెచ్చదనం. చాలాసార్లు వాటితోనే గుడ్డు దిగుతుంది. దిగకపోతే మత్తిచ్చి తీయాలి.

మళ్ళీ మళ్ళీ గుడ్లు పెట్టే పిట్టలకు హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి, చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉంది. అండనాళం తీసేసే ఆపరేషన్ కూడా ఉంది కానీ అంత చిన్న ఒంటికి అది పెద్ద ప్రమాదం. ఇవన్నీ ఇంట్లో మార్పులు చేశాక వచ్చే మాటలు. ఇంటిని అలాగే ఉంచి ఇంజెక్షన్ ఒక్కటే చేయించుకుంటే దాని పని అయిపోగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ మార్పులేంటంటే, సాయంత్రం ఏడింటికల్లా పంజరం లైటూ టీవీ లేని గదిలోకి వెళ్ళాలి. 12 నుంచి 14 గంటల చీకటి దొరకాలి. ఉక్కపోతలో పంజరం మొత్తం కప్పేయకండి, పలచటి నూలుగుడ్డ మూడు వైపులా వేసి ఒక వైపు గాలికి వదలండి. అలమార తలుపులు, సోఫా కింద, ఫ్రిజ్ వెనక, అట్టపెట్టెలు, ఇవన్నీ దానికి తొర్రలే, మూసేయండి. అద్దం తీసేయండి. పంజరం చోటు మార్చండి, లోపల కర్రలు, బొమ్మలు అటూ ఇటూ మార్చండి. గుడ్ల మీద కూర్చుని ఉన్నప్పుడు మాత్రం వద్దు, లేచిపోయాక మార్చండి. తలా మెడా తప్ప ఎక్కడా నిమరకండి. ఆ కాలేజీ అమ్మాయికి ఈ మాట చెప్పినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పిట్ట తనకి దూరమైపోతుందేమోనని. దూరం కాదమ్మా అన్నాను. దానితో ఆడు, ఈలపాట నేర్పు, కాగితం ఉండలో గింజ చుట్టి వెతికించు. జతగా ఉండక్కర్లేదు, గుంపులో ఒకరిగా ఉంటే చాలు.

సభలో ఒక పెద్దావిడ: జోడీ తెస్తే సరిపోదా బాబూ? ఒంటరిగా ఉండబట్టే కదా ఇదంతా.

చాలామంది మనసులో ఉన్న మాట అడిగారమ్మా. గుడ్లు ఆపడానికి మగపిట్టని తేవడం నేను ఒప్పుకోను. తెస్తే గుడ్లు తగ్గవు, ఇంకా ఎక్కువవుతాయి. అప్పుడవి పిల్లలయ్యే గుడ్లు. కాల్షియం లేక నీరసించిన తల్లి పిల్లల్ని మేపాలి. పైగా కొత్తదానితో దీనికి పడాలని లేదు, రక్తాలొచ్చేలా కొట్టుకున్న జతల్ని చూశాను. తోడు కోసం తేవాలనుకుంటే అది వేరే ఆలోచన, ముందు ఇది కోలుకోవాలి.

గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన: మా ఇంట్లో రామచిలుక ఉందండీ. మాఘమాసంలో గుడ్డు పెట్టింది. అదీ ఇలాగేనా?

అదీ ఇలాగే. బయట కూడా రామచిలుకలు చలికాలం చివర్లోనే తొర్రల్లో గుడ్లు పెడతాయి. కానీ మీకు ఇంకో మాట చెప్పాలి. రామచిలుక మన అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పంజరంలో పెట్టుకోవడం నేరం. తరతరాలుగా ఇళ్ళల్లో ఉందని చాలామందికి ఈ సంగతి తెలియదు. అలాగని ఇవాళ వెళ్ళి పంజరం తలుపు తీసి వదిలేయకండి. ఎగరడం, తిండి వెతుక్కోవడం మరిచిపోయిన పక్షి రెండు రోజులు బతకడం కష్టం, గుడ్లతో ఉన్నది అసలు బతకదు. అటవీశాఖ వాళ్ళకి అప్పగించండి.

వెనక వరుసలోంచి ఒక అబ్బాయి: సార్, పిట్టని మీ దగ్గరికి తెచ్చేటప్పుడు ఏమేం తేవాలి?

ఎక్కడికి తీసుకెళ్ళినా ఫోన్ చేసి పక్షుల్ని చూసే డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడైనా అంతే. ట్రేలో ఆ రోజు వేసిన కాగితం రెట్టతో సహా మడిచి తీసుకురండి. పెట్టిన గుడ్డుంటే చిన్న డబ్బాలో దూది వేసి తెండి, పెంకు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఏ తేదీన ఎన్ని పెట్టిందో, రోజూ ఏం తింటుందో కాగితం మీద రాసుకోండి. వీలైతే వంటింటి డిజిటల్ త్రాసు మీద బరువు చూసి అదీ రాయండి. స్కూటర్ మీద పంజరం చేత్తో పట్టుకుని రావద్దు, గాలి కొడుతుంది, హారన్లకి బెదిరిపోతుంది. గాలికి కన్నాలు చేసిన చిన్న అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి, ఆటోలోనో కారులోనో తెండి. దారిలో నీళ్ళ గిన్నె పెట్టకండి, ఒలికి ఒళ్ళు తడుస్తుంది. ఒక ఆపిల్ ముక్కో దోసకాయ ముక్కో వేస్తే చాలు.